కంప్యూటరు హఠాత్తుగా ఆగినపుడు

పాతకాలపు వాల్వు రేడియో చెడిపోవుటకు నెలలు పట్టెడిది. మొదట గరగరమను శబ్దము వచ్చెడిది. తరువాత ధ్వని సన్నగిల్లెడిది. దూరపు స్టేషనులు ఒక్కొక్కటిగా అందకుండ పోయెడివి. సైకిలు సంగతియు అంతే. గొలుసు తెగుటకు ముందు పది దినములు కిర్రుకిర్రుమని మొరపెట్టుకొనును. బల్లమీది కంప్యూటరు మాత్రము రాత్రి వరకు చక్కగా పనిచేసి, తెల్లవారి బటను నొక్కినచో ఉలుకక పలుకక ఉండిపోవును. అందుచేతనే దాని జబ్బు చూచినవారికి అంత కంగారు.

ఇట్లేల జరుగును? కంప్యూటరులోని సమాచారమంతయు 0, 1 అను రెండు అంకెల రూపమున ఉండునని విద్యార్థులు ఎరుగుదురు. ఒక రకపు వలయములలో 2 వోల్టులకు పైబడినదానిని 1గాను, 0.8 వోల్టునకు దిగువనున్నదానిని 0గాను యంత్రము గ్రహించును. మూడున్నర వోల్టులు రావలసిన చోట మూడు వచ్చినను, రెండున్నర వచ్చినను అది 1గానే లెక్కకు వచ్చును. జవాబులో తేడా ఉండదు. లోపలి భాగము క్షీణించుచునే ఉండును గాని పైకి కనబడదు. వోల్టేజి ఆ హద్దు దాటి పడిన క్షణమున లెక్క అంతయు ఒక్కసారిగా తప్పిపోవును. రేడియోలోని క్షీణత చెవికి వినబడును. కంప్యూటరులో అది దాగియుండును. మనకు హఠాత్తుగా తోచు చావునకు లోపల చాలకాలపు చరిత్ర ఉన్నదన్నమాట.

మొదటి తరము కంప్యూటరులు ఇంత నమ్మకముగా నడచినవి కావు. 1946లో అమెరికాలో ప్రదర్శింపబడిన ఎనియాక్ అను యంత్రములో సుమారు 18 వేల వాల్వులు ఉండెడివి. ఒకటి రెండు దినములకు ఒక వాల్వు మాడిపోవుట దానికి మామూలు. 1954లో ఒకమారు అది 116 గంటలు ఆగకుండ పనిచేసినది. దాని జీవితకాలములో అంతకు మించి ఎన్నడును నడువలేదు. ట్రాన్సిస్టరులు వచ్చి ఆ బాధ తప్పించినవి. 1967లో మన హైదరాబాదులో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తెచ్చునాటికి వాల్వుల కాలము ముగిసినది. నేటి యంత్రము ఏండ్ల తరబడి నడచును. కనుకనే అది ఆగునన్న ఊహ మనకు ముందుగా రాదు.

ఛత్రినాకలో, ఉప్పుగూడ రైలుస్టేషను వైపు పోవు ఒక సందులో చిన్న ఉన్నత పాఠశాల ఒకటి కలదు. అచట జరిగినది ఈ విషయమునకు మంచి ఉదాహరణము. జూన్ నెలలో ఒక సాయంకాలము కరెంటు పోయి, అరగంటకు మరల వచ్చినది. ఆఫీసుగదిలోని కంప్యూటరు మాత్రము వెలుగలేదు. పదవ తరగతి ఉత్తీర్ణులైన పిల్లలు ఇంటరులో చేరుటకు టి.సి.ల కొరకు వచ్చు దినములవి. వారి పేర్లు, పుట్టినతేదీలు, మూడేండ్ల ఫీజుల లెక్కలు, సరిదిద్దిన పట్టికలు అన్నియు ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నవి. పాత కాగితములు ముందర వేసికొని మరల వ్రాయవచ్చును. కాని పుట్టినతేదీలో ఒక్క అంకె తప్పినచో ఆ పిల్లవాడు పదేండ్లు కార్యాలయముల చుట్టు తిరుగవలెను. గుమాస్తా తలపట్టుకొని, "మొత్తం పోయింది సార్, ఇగ కొత్తది కొనాలె" అన్నాడు. భౌతికశాస్త్రము చెప్పువాడనని నన్ను పిలిచినారు.

ఆ మాటలో రెండు సంగతులు కలిసిపోయినవి. యంత్రము వేరు, దానిలో వ్రాసికొన్న లెక్క వేరు. లెక్క హార్డ్‌డిస్కుపై అయస్కాంతపు గురుతులుగా ఉండును. కరెంటు లేకున్నంత మాత్రమున అవి చెరగవు. వెలుగని కంప్యూటరులో డిస్కు నిక్షేపముగా ఉండుట తరచు జరుగు విషయమే. కాబట్టి లోపము డిస్కునకు ఇవతల ఉన్నదా, డిస్కులోనే ఉన్నదా అని ముందుగా తెలిసికొనవలెను.

విద్యుత్తు నడచు దారి

కాలువనీరు చివరి మడికి అందనపుడు రైతు తూము వద్దనుండి గట్టు వెంబడి నడచి, ఎక్కడ ఆగినదో చూచును. కంప్యూటరునకును అదే పద్ధతి. గోడలోని ప్లగ్గునుండి తీగద్వారా విద్యుత్తు పెట్టె వెనుకనున్న ఎస్.ఎం.పి.ఎస్. అను భాగమునకు చేరును. అటనుండి మదర్‌బోర్డునకు, డిస్కునకు, పంకాలకు పంపిణీ అగును.

ఈ ఎస్.ఎం.పి.ఎస్. చేయు పని చిత్రమైనది. మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరునకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. మామూలు ట్రాన్స్‌ఫార్మరుతో నేరుగా తగ్గించవచ్చును గాని, సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తుతో ఇంత శక్తిని అందించు ట్రాన్స్‌ఫార్మరు ఇటుకరాయివలె బరువగును. అందుచేత ఎస్.ఎం.పి.ఎస్. ముందుగా డయోడులతో విద్యుత్తును ఏకముఖము చేసి సుమారు 325 వోల్టులుగా ఒక పెద్ద కెపాసిటరులో నిలువచేయును. దానిని ట్రాన్సిస్టరులు సెకనుకు వేలకొలది మార్లు తెగగొట్టి, కలిపి, అధిక పౌనఃపున్యము గల విద్యుత్తుగా మార్చును. అట్టి విద్యుత్తునకు అగ్గిపెట్టెకన్న కొంచెము పెద్దదైన ట్రాన్స్‌ఫార్మరు చాలును. తుదకు వచ్చు 12 వోల్టులు 11.4కు తగ్గరాదు, 12.6కు మించరాదు, అనగా నూటికి 5 వంతుల కంటె తేడా ఉండరాదని నియమము.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్లగ్గు తీసివేసిన తరువాతకూడ ఆ పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచియుండవచ్చును. కాబట్టి కంప్యూటరు పెట్టె తెరచుట వేరు, దానిలోని ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా తెరచుట వేరు. రెండవది విద్యార్థులుగాని ఉపాధ్యాయులుగాని చేయతగిన పని కాదు.

పాఠశాలలో మేము మొదట చేసినది చాల సామాన్యమైన పని. అదే ప్లగ్గులో టేబులు దీపము పెట్టి చూచినాము, వెలిగినది. పక్కగది కంప్యూటరు తీగ తెచ్చి తగిలించినాము, మార్పు లేదు. వెనుకనున్న మీట వేసియే ఉన్నది. తరువాత పెట్టె ప్రక్కరేకు తీసి, మదర్‌బోర్డునకు పోవు తీగలలో ఊదారంగుదానిపై మల్టీమీటరు పెట్టినాము. కంప్యూటరు ఆఫ్‌లో ఉన్నను, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు ఆ తీగపై 5 వోల్టులు నిలిచియుండవలెను. ముందువైపు బటను నొక్కినపుడు ఆ సంగతిని గ్రహించి యంత్రమును మేల్కొలుపునది ఆ 5 వోల్టులే. మీటరు సున్న చూపినది. నీరు తూము వద్దనే ఆగినది.

కంప్యూటరు గదిలో అదే రకపు యంత్రము ఇంకొకటి ఉండుట మంచిదైనది. ప్లగ్గులు తీసి కొంతసేపు ఆగి, దాని ఎస్.ఎం.పి.ఎస్.ను ఇప్పి దీనికి బిగించగా, బటను నొక్కగనే తెర వెలిగినది. ఆ సంబరములో వెంటనే టి.సి.లు వ్రాయుటకు గుమాస్తాను కూర్చుండనీయలేదు. ముందుగా పట్టికలన్నియు రెండు పెన్‌డ్రైవులలోనికి ఎక్కించి, వాటిని తెరచి సరిగా ఉన్నవని చూచుకొన్న తరువాతనే మిగిలిన పని. మరునాడు సికిందరాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి కొత్త ఎస్.ఎం.పి.ఎస్. కొనితెచ్చినారు.

ఇట్టి పరీక్షలో ఒక్కొక్కమారు ఒక్క భాగమునే మార్చవలెను. తొందరలో తీగ, ఎస్.ఎం.పి.ఎస్., ర్యామ్ మూడింటిని ఒకేసారి మార్చినచో యంత్రము బాగుపడవచ్చును గాని, చెడినది ఏదో తెలియదు. మంచి భాగములను చెత్తలో వేయుదుము. ప్రయోగశాలలో ఒక్క రాశిని మాత్రమే మార్చి మిగిలినవాటిని స్థిరముగా ఉంచవలెనని మనము చెప్పు పాఠమే ఇది.

కండెన్సరు ఎండిపోవుట

ఆ చెడిన డబ్బాను మరమ్మతు చేయువానిచే తెరపించగా, లోపల రెండు చిన్న కెపాసిటరుల తలలు పూరీలవలె ఉబ్బియున్నవి. సీలింగుపంకా బాగుచేయువారు కెపాసిటరునే కండెన్సరు అందురు. ఎస్.ఎం.పి.ఎస్.లోనిది ఎలక్ట్రోలైటిక్ అను రకము. దీనిలో రెండు పలుచని అల్యూమినియము రేకుల నడుమ ద్రవములో తడిపిన కాగితముండును. అంతయు చాపవలె చుట్టి చిన్న డబ్బాలో పెట్టుదురు. ఒక రేకుపై ఏర్పరచిన అల్యూమినియము ఆక్సైడు పొర విద్యుద్బంధకముగా పనిచేయును. ఆ పొర అత్యంత పలుచనిది కనుక చిన్న డబ్బాలోనే ఎక్కువ ఆవేశము ఇముడును. దాని ప్రాణము ఆ ద్రవములో ఉన్నది. ఏండ్లు గడచినకొలది ద్రవము మెల్లమెల్లగా ఆవిరైపోవును; కొన్నిటిలో వాయువు పుట్టి తల ఉబ్బును.

ఈ ఎండుట ఉష్ణోగ్రతపై ఆధారపడును. ఇంజనీరులు వాడు స్థూలనియమము ఒకటి కలదు: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో కెపాసిటరు ఆయుర్దాయము సగమగును, 10 డిగ్రీలు తగ్గినచో రెట్టింపగును. డబ్బాపై 105 డిగ్రీలు అని ముద్రించి, ఆ వేడిలో 2,000 గంటలు మన్నునని తయారుచేసినవారు హామీ ఇచ్చిరనుకొందము. కంప్యూటరు లోపల 65 డిగ్రీలే ఉన్నచో అది నాలుగుమార్లు రెట్టింపై 32,000 గంటలగును. దినమునకు 8 గంటల చొప్పున నడిపిన ఇది 4,000 దినములు, అనగా సుమారు 11 సంవత్సరములు. చవుకరకపు ఎస్.ఎం.పి.ఎస్.లో 85 డిగ్రీల కెపాసిటరు వేసినచో అదే 65 డిగ్రీల వద్ద రెట్టింపు రెండుమార్లే, 8,000 గంటలు. మూడేండ్లు నిండకుండనే దాని పని ముగియును. ధరలో కొద్ది తేడా ఎక్కడ తేలునో తరగతిలో పిల్లలచే ఈ లెక్క చేయించి చూపవచ్చును.

హైదరాబాదు వేసవి ఈ లెక్కను ఇంకను కఠినము చేయును. 1966 జూన్ 2న ఈ నగరమున 45.5 డిగ్రీలు నమోదైనవి. అంత లేకున్నను, ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటు దినములు మనకు కొత్త కాదు. గది 42 డిగ్రీలున్నపుడు పెట్టె లోపల అంతకంటె ఎక్కువే ఉండును గాని తగ్గదు. దానికి పాతబస్తీ సందుల దుమ్ము తోడగును. దుమ్ము గాలిదారులను మూసివేయును. పంకా తిరుగుచునే ఉండును, గాలి మాత్రము కదలదు. ఆ పాఠశాల యంత్రములోనుండి దుమ్ము దులిపి పోగుచేయగా రెండు చేతులకు సరిపడ వచ్చినది.

వేడి లేకున్నను కెపాసిటరు ద్రవమే సరియైనది కానిచో ఏమగునో ప్రపంచము ఒకమారు చూచినది. 2000 సంవత్సరము తరువాతి తొలి ఏండ్లలో లోపముగల ద్రవముతో తయారైన కెపాసిటరులు ఎన్నో కంపెనీల మదర్‌బోర్డులలోనికి చేరి, ఒకటి రెండేండ్లకే ఉబ్బి పగిలినవి. డెల్ కంపెనీ తన ఆప్టిప్లెక్స్ యంత్రములలో ఈ లోపమును సరిదిద్దుటకై 2005లో 30 కోట్ల డాలర్లు ఖర్చుగా చూపవలసివచ్చినది. ఒక్కొక్కటి కొద్ది పైసల వస్తువు.

అయితే కరెంటు పోయి వచ్చినపుడే యంత్రము ఏల ఆగినది? నడచుచున్న యంత్రములో క్షీణించిన కెపాసిటరు ఎట్లో ఈడ్చుకొనిరాగలదు. చల్లారి మరల మొదలుపెట్టునపుడు ఒక్కసారిగా పెద్ద ప్రవాహము లోనికి దూకును. ఆ తాకిడికి ముసలిది కూలును. దీనికితోడు కరెంటు తిరిగివచ్చు క్షణమున వోల్టేజి ఊగిసలాడుట సామాన్యము. ఇంకొక అపాయము కూడ కలదు. వీధిలోనికి వచ్చు మూడు ఫేజులకు తిరుగుదారియైన న్యూట్రలు తీగ తెగినచో, లోడు తక్కువగానున్న ఇండ్లకు 230కి మారుగా 400 వోల్టులకు చేరువగా వచ్చును. "న్యూట్రల్ పోయి వీధంతా టీవీలు కాలినయి" అని జనులు చెప్పుకొనునది దీనినే. ఉరుములు మెరుపులున్నపుడును, కరెంటు పోయినపుడును ప్లగ్గు తీసివేసి, కరెంటు వచ్చి అయిదు నిమిషములు నిలకడగా ఉన్న తరువాత పెట్టుట ఖర్చు లేని ఉపాయము. యు.పి.ఎస్. ఉన్నచో మరింత మేలు. కాని దానిలోని బ్యాటరీయు కొన్నేండ్లకు సత్తువ కోల్పోవునని మరువరాదు.

పంకా తిరిగి తెర వెలుగనిచో

విద్యుత్తు అందుచున్నను యంత్రము మేల్కొననిచో కథ వేరు. బటను నొక్కినంతనే కంప్యూటరు తన అవయవములను తానే తడిమి చూచుకొనును. జ్ఞాపకశక్తి భాగమైన ర్యామ్ సరిగా లేనిచో తెరపై ఏమియు చూపలేదు కనుక, చాల యంత్రములు బీప్ అను శబ్దములతో చెప్పును. ఎన్ని శబ్దములకు ఏ అర్థమో తయారుచేసిన కంపెనీనిబట్టి మారును. మదర్‌బోర్డుతో ఇచ్చు పుస్తకములో ఉండును. ఆ పుస్తకమును పారవేయక దాచవలెను.

చాలసార్లు ర్యామ్ పట్టీ అంచులకు పట్టిన మకిలియే కారణము. ప్లగ్గు తీసి, పట్టీని ఊడదీసి, పెన్సిలు రబ్బరుతో అంచులను మెల్లగా రుద్ది, పొడి దులిపి మరల గట్టిగా కూర్చిన సరిపోవును. పట్టీని ముట్టుకొనుటకు ముందు పెట్టె ఇనుపచట్రమును చేతితో తాకవలెను. మన ఒంటిపైనున్న స్థిరవిద్యుత్తు సుమారు 3,000 వోల్టులకు చేరువరకు మనకు చురుక్కుమనదు. కొన్ని చిప్పులు వంద వోల్టులకే దెబ్బతినును. ఇక దినమును సమయమును ప్రతి ఉదయము తప్పుగా చూపు యంత్రమునకు మదర్‌బోర్డుపైనున్న నాణెమంతటి 3 వోల్టుల లిథియము ఘటము మార్చిన చాలును.

డిస్కే చెడినచో

అన్నిటికంటె కష్టమైనది ఇది, ఎస్.ఎం.పి.ఎస్. బజారులో దొరకును గాని మనము వ్రాసికొన్న లెక్క దొరకదు. బల్లకంప్యూటరులో సాధారణముగా వాడు హార్డ్‌డిస్కు పళ్లెము నిమిషమునకు 7,200 మార్లు తిరుగును. పళ్లెపు అంచు వేగము గంటకు సుమారు 130 కిలోమీటర్లు. దానిపై చదువు శీర్షము కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుచుండును. మన తలవెండ్రుక మందము అంతకంటె వేల రెట్లు. శీర్షము పళ్లెమును తాకినచో గురుతులున్న పొర గీచుకొనిపోవును. లోపలినుండి టక్కు టక్కుమను చప్పుడు క్రమముగా వచ్చుచున్నచో వెంటనే విద్యుత్తు ఆపవలెను. మరల మరల నడిపి చూచుట గాయమును గోకుటవంటిది. డిస్కును ఫ్రిజ్జులో పెట్టిన బాగగునని కొందరు చెప్పుదురు. లోపల తేమ చేరుటయే దాని ఫలితము.

డిస్కులు తమ ఆరోగ్యమును తామే నమోదు చేసికొను ఏర్పాటు ఒకటి ఉన్నది. దానిని నమ్మి కూర్చుండవచ్చునా? 2007లో గూగుల్ సంస్థ ఇంజనీరులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఫలితములు ప్రకటించిరి. ఉపరితలపు తనిఖీలో మొదటి దోషము కనబడిన డిస్కు, దోషము లేనిదానికంటె 60 దినములలో చెడిపోవు అవకాశము 39 రెట్లు. కాబట్టి హెచ్చరిక వచ్చినచో తప్పక వినవలెను. అయితే అదే పరిశోధనలో, చెడిన డిస్కులలో సగమునకు మించినవి ముఖ్యమైన నాలుగు హెచ్చరికలలో ఏ ఒక్కటియు ఇవ్వకనే చెడినవి. హెచ్చరిక వచ్చిన తరువాత ప్రతి తీసికొందమనువారికి సగముసార్లు ఆ వేళ రాదన్నమాట. తిరుగుభాగములు లేని ఎస్.ఎస్.డి. దెబ్బలకు తట్టుకొనునేగాని, అదియు చెప్పకుండ ఆగిపోవచ్చును.

పోయిన డిస్కుపై ఆశ వదలనక్కరలేదు. 2003లో కొలంబియా అంతరిక్షనౌక కూలినపుడు నేలపై దొరికిన ఒక డిస్కు కరగి నల్లబడిన లోహపుముద్దవలె ఉండెను. దానిలో గ్జెనాన్ వాయువుపై చేసిన ప్రయోగపు అంకెలున్నవి. నిపుణులు పళ్లెములను తీసి శుభ్రపరచి నూటికి 99 వంతుల సమాచారమును రాబట్టగా, ఆ ప్రయోగఫలితము 2008లో ప్రకటితమైనది. కాని అట్టి పనికి దుమ్ములేని గది, ప్రత్యేక పరికరములు కావలెను. మన పాఠశాలకు అంత ఖర్చు పెట్టు స్తోమత ఎక్కడిది? ఒక పెన్‌డ్రైవు ధర దానిముందు లెక్కలోనిది కాదు.

ప్రతి ఉన్నను, అది ఎక్కడ ఉన్నదో చూడవలెను. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోత వానకు, నాలుగు దినముల తరువాత గుర్రంచెరువు కట్ట తెగుటకు పాతబస్తీలోని పల్లపు కాలనీలు మునిగినవి. ఛత్రినాక వీధులలోను నీరు ఇండ్లలోనికి చేరినది. అట్టి రాత్రి కంప్యూటరు, దాని పక్క సొరుగులోని పెన్‌డ్రైవు ఒకేసారి నీటిపాలగును. ఆ పాఠశాలవారు ఇప్పుడు ప్రతి శనివారము ఒక ప్రతిని గదిలోనే పై అరలో ఉంచి, రెండవదానిని ప్రధానోపాధ్యాయుని ఇంటికి పంపుచున్నారు. మూడవది ఇంటర్నెట్టు ద్వారా దూరపు సర్వరునకు చేర్చుచున్నారు.

తడిసిన యంత్రము విషయమున జనులు చేయునది తరచు విపరీతముగా ఉండును. ఆరినదా లేదా చూతమని ప్లగ్గు పెట్టుదురు. వాననీటిలో, మురికినీటిలో లవణములు కరగియుండును. అట్టి నీరు ఉన్నచోట విద్యుత్తు ప్రవహింపగనే విద్యుద్విశ్లేషణము మొదలై రాగిదారులు కొద్దిసేపటిలోనే తినివేయబడును. ప్లగ్గు పెట్టని బోర్డు నీటిలో ఒక రాత్రి ఉన్నను చాలమట్టుకు బ్రతుకును. మొదట ఇంటి మెయిను ఆపి, తరువాత ప్లగ్గు తీయవలెను. మదర్‌బోర్డుపైనున్న నాణెపు ఘటమును కూడ ఊడదీయవలెను. ఆ 3 వోల్టులు చాలు లోహమును తినుటకు. బోర్డును స్వేదనజలముతో కడిగి బురద పోగొట్టి, నీడలో గాలి తగులునట్లు కొన్ని దినములు ఆరనీయవలెను. ఎస్.ఎం.పి.ఎస్. తడిసినచో దానిని వాడక మార్చుటయే క్షేమము. హార్డ్‌డిస్కును మాత్రము ఎండలో పెట్టరాదు, కడుగరాదు. నీరు ఆరినపుడు బురదలోని పదార్థములు పళ్లెముపై గట్టిగా అంటుకొనును. దానిని తడిగానే గాలి చొరని సంచిలో మూసి, సమాచారము రాబట్టు నిపుణునకు వీలైనంత త్వరగా అప్పగించవలెను.